ఫరో బొమ్మను ఫయాన్స్‌లో పొదగడం: పలుగురాయి పొడి నుంచి టేకు పలక దాకా

పాత ఈజిప్టులో చెక్క మందసాలకు, సింహాసనాలకు, రాజమందిరాల గోడలకు పొదిగిన ఫయాన్స్ (పలుగురాయి పొడితో చేసి కాల్చిన, గాజులా మెరిసే పదార్థం) ముక్కలు ఇవాళ ఎక్కువగా విడివిడిగానే కనిపిస్తాయి. చెక్క చివికిపోయింది. బంగారు రేకు ఎవరో ఊడబెరుక్కుపోయారు. మిగిలింది అరచేతిలో ఇమిడే నీలి ముక్క. పక్కకు తిరిగిన రాజు ముఖం, నుదుటి మీద పడగెత్తిన పాము, కన్ను ఉండాల్సిన చోట ఖాళీ గుంట. ఆ గుంటలో ఒకప్పుడు ఇంకో రంగు ముక్క కూర్చుని ఉండేది. మెడ కింద అంచు నున్నగా తెగి ఉంటుంది, అది విరిగిన అంచు కాదు. అక్కడి నుంచి కంఠహారం వేరే ముక్కగా మొదలయ్యేది.

అలాంటి రాజు బొమ్మను మొదటి నుంచి చివరి దాకా మన చేత్తో ఎలా చేసుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాను. నేను చిన్న కరెంటు బట్టీ పెట్టుకుని మట్టిపని చేసుకునేవాణ్ణి. నాలుగైదు సార్లు పాడుచేసుకున్నాకే ఇది నాకు దారిలో పడింది. ఆ పాడైన చోట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఈ పదార్థం సంగతి

ఫయాన్స్ మట్టిపాత్ర కాదు. ఇందులో మట్టి దాదాపు లేదు. పలుగురాయిని మెత్తగా పొడిచేసి, దానికి కాస్త సున్నం, కాస్త సోడా, రంగుకు రాగి కలిపి ముద్ద చేస్తారు. ఈజిప్టు ముక్కలను పరీక్షిస్తే నూటికి తొంభై పాళ్ళకు పైగా పలుగురాయే కనిపిస్తుంది. ఫయాన్స్ అన్న పేరు కూడా దీనిది కాదు. ఇటలీలో ఫాయెంజా అనే ఊళ్ళో తయారైన తెల్లటి గ్లేజు (గాజు లాంటి పూత) పాత్రల పేరు తర్వాతి కాలపు యూరపు వాళ్ళు దీనికి తగిలించారు. ఈజిప్టు వాళ్ళు దీన్ని చెహెనెత్ అనేవారు. మెరిసేది అని అర్థం.

ఆ మెరుపు ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఈ పనికంతటికీ మూలం. మామూలు కుండకైతే గ్లేజు పైన పూస్తాం. ఇక్కడ గ్లేజు ముద్దలోనే ఉంటుంది. చవుడు నేలలు చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. వాన కురిసి ఎండ కాశాక చవుడు నేల మీద తెల్లటి పొర పొంగుతుంది కదా, నీళ్ళు ఆవిరైపోతూ లోపలి ఉప్పును పైకి తెచ్చి వదిలేస్తాయి. ఫయాన్స్ ముక్క ఆరేటప్పుడు జరిగేదీ అదే. సోడా, దాంతోపాటు కొంత రాగి, నీటి వెంట పైకి వచ్చి తెల్లటి పొరగా నిలుస్తాయి. బట్టీలో ఆ పొర కరిగి, పలుగురాయితో కలిసి గాజు అవుతుంది. ఈజిప్టు వాళ్ళకు సోడా ఇచ్చింది కూడా అలాంటి నేలే, వాదీ నత్రూన్ అనే లోయలో ఎండిన మడుగుల అడుగున దొరికే నత్రం. కొన్ని మొక్కల బూడిద కూడా వాడారు. మన పల్లెల్లో చవుడు మన్నుతో బట్టలు ఉతికిన పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఇంకో రెండు పద్ధతులు కూడా ఉన్నాయి. పూసను గ్లేజు పొడిలో పూడ్చి కాల్చడం ఒకటి, ఇరాన్‌లో ఖోమ్ పట్టణంలో గాడిదల మెడకు కట్టే నీలిపూసలను ఇరవయ్యో శతాబ్దంలో కూడా అలాగే చేసేవారు. గ్లేజును పలచగా కలిపి పైన పూయడం రెండోది. మన జైపూర్ నీలి పాత్రలు ఈ దారివే, వాటి ముద్ద కూడా పలుగురాయి పొడే. పొదుగు పనికి మాత్రం నేను ఉప్పు పొంగే పద్ధతినే ఎంచుకుంటాను. ముక్క వెనక భాగం గరుకుగా, గ్లేజు లేకుండా మిగులుతుంది. పొదగడానికి అదే కావాలి.

మొదటి అడుగు: రాజును గీసుకోవడం

ఏ కాలపు రాజో ముందు తేల్చుకోండి. ఈజిప్టు చిత్రకారులు గళ్ళు గీసుకుని మనిషిని నిలబెట్టేవారు, ఆ గళ్ళ లెక్క కాలాన్ని బట్టి మారింది. కొత్త రాజ్య కాలంలో, అంటే క్రీ.పూ. 1550 తర్వాతి ఐదు శతాబ్దాల్లో, నిలబడ్డ మనిషికి అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత దాకా 18 గళ్ళు. మధ్యలో అఖెనాతెన్ అనే రాజు కాలంలో ఆ లెక్క 20కి మారింది. క్రీ.పూ. ఏడో శతాబ్దం నుంచి పై కనురెప్ప దాకా 21 గళ్ళ లెక్క స్థిరపడింది. మొదటిసారి చేసేవాళ్ళు 18 గళ్ళ లెక్కే తీసుకోండి.

ఒక్కో గడి 8 మి.మీ. పెట్టుకుంటే జుట్టు గీత దాకా బొమ్మ 14.4 సెం.మీ. వస్తుంది, కిరీటం దాని పైన. మోకాలు ఆరో గీత దగ్గర, పిరుదుల అడుగు తొమ్మిదో గీత దగ్గర, మెడ భుజాలను కలిసే చోటు పదహారో గీత దగ్గర. ఈ మూడు గీతలు సరిగ్గా కూర్చుంటే మిగతా శరీరం దానంతటదే దారికి వస్తుంది. ముఖం పక్కకు, కన్ను ఎదురుగా, భుజాలు ఎదురుగా, నడుము నుంచి కిందకు మళ్ళీ పక్కకు. ఇది వాళ్ళకు రాక చేసిన పని కాదు. ప్రతి అవయవాన్నీ అది బాగా తెలిసే వైపు నుంచి చూపించడం వాళ్ళ నియమం. గీసేటప్పుడు దాన్ని సవరించబోకండి. సవరించారా, ఆ క్షణమే అది ఈజిప్టు బొమ్మ కాకుండా పోతుంది.

రాజు అని చెప్పే గుర్తుల్లో తప్పనిసరిది నుదుటి నాగు. కిరీటానికి నీలి కిరీటం తీసుకుంటే మేలు. కొత్త రాజ్య కాలాన్ని మొదలుపెట్టిన పద్దెనిమిదో రాజవంశం నుంచి రాజులు విరివిగా ధరించిన, పైకి ఉబ్బి వెనక్కి ఒరిగిన ఆకారం అది. దాని మీద చిన్న చిన్న వలయాలు ఉంటాయి, అవి చెక్కడానికి సరదాగా ఉంటుంది. నడుముకు ముందువైపు మడతలు పడే పంచె లాంటి వస్త్రం, వెనక వేలాడే ఎద్దు తోక. రెండు చేతులూ ముందుకు చాచి, ఒక్కో అరచేతిలో చిన్న గుండ్రటి కుండ పెట్టండి. దేవుడికి అర్పణ ఇస్తున్న రాజు అలాగే కనిపిస్తాడు.

ఇప్పుడు బొమ్మను ముక్కలుగా విడగొట్టాలి. కిరీటం ముదురు నీలం, ముఖం మెడ కలిపి లేత నీలం, కంఠహారం ముదురు నీలం, ఛాతీ, రెండు చేతులు, రెండు కాళ్ళు లేత నీలం, వస్త్రం తెలుపు. మొత్తం తొమ్మిది ముక్కలు, వాటితో పాటు కంటికి తెల్ల ముక్క, దాని మధ్యలో నల్ల చుక్క. 1922లో బయటపడిన టుటన్‌ఖామున్ బంగారు సింహాసనం వీపు మీద ఇలాగే చేశారు. రాజు, రాణి ఒళ్ళు ఎర్రటి గాజు, తలమీదివి నీలి ఫయాన్స్, బట్టలు వెండి. ఒకే ముక్కలో అన్ని రంగులూ ఇరికించాలని చూడకండి. ఒక్కో రంగు ముద్ద ఒక్కో తీరున కుంచించుకుపోయి అతుకుల దగ్గర పగులుతుంది.

రెండో అడుగు: రాగి పొడి

రంగుకు రాగి కార్బొనేట్ కావాలి. మట్టిపని సామాన్ల దుకాణంలో దొరికితే కొనుక్కోండి. లేకపోతే మైలతుత్తంతో (కాపర్ సల్ఫేట్) ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ద్రాక్ష, కూరగాయల తోటలకు బోర్డో మిశ్రమం కొట్టే ఏ రైతునడిగినా మైలతుత్తం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. ఇది విషం. వంటింటి గిన్నెలు, గరిటెలు దీని దగ్గరకు రానివ్వకండి. చేతికి తొడుగులు వేసుకోండి, పిల్లలకు అందనీయకండి.

ప్లాస్టిక్ బకెట్లో లీటరు గోరువెచ్చటి నీళ్ళు పోసి 100 గ్రాముల మైలతుత్తం కరిగించండి. వేరే పాత్రలో అర లీటరు నీళ్ళలో 45 గ్రాముల సోడా యాష్ (పొడి సోడియం కార్బొనేట్) కరిగించి, దాన్ని సన్నటి ధారగా బకెట్లో పోస్తూ కర్రతో తిప్పండి. బుసబుసమని పొంగుతుంది కాబట్టి తొందరపడొద్దు. లేత నీలి ముద్ద అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీరు ఇంకా నీలంగా ఉంటే ఇంకొంచెం సోడా నీళ్ళు పోయండి, రంగు లేకుండా తేరితే చాలు. తేరిన నీరు వంచేసి కొత్త నీళ్ళు పోసి, నాలుగైదు సార్లు కడగండి. ఆ నీళ్ళను చెరువులోకో మొక్కలకో పోయకండి, రాగి చేపలకు హాని చేస్తుంది. గుడ్డలో వడకట్టి నీడన ఆరబెడితే సుమారు 40 గ్రాముల ఆకుపచ్చ పొడి మిగులుతుంది. రసాయనంగా చూస్తే ఇది ఈజిప్టు వాళ్ళు నూరుకున్న మాలకైటు అనే ఆకుపచ్చ రాగి రాయికి చుట్టమే. వ్యవసాయం మైలతుత్తంలో ఇనుము మలినంగా ఉంటే నీలం కాస్త పచ్చదనానికి తిరుగుతుంది. నాకు ఆ ఛాయ కూడా ఇష్టమే.

సోడా విషయంలో ఒక జాగ్రత్త. చాకలి సోడా పలుకులుగా దొరికేదాంట్లో సగానికి పైగా నీరే ఉంటుంది, తూకం పూర్తిగా తప్పుతుంది. పొడి సోడా యాష్ దొరక్కపోతే వంట సోడాను పళ్ళెంలో పలుచగా పరిచి 200 డిగ్రీల ఓవెన్లో గంటసేపు ఉంచండి. అది సోడా యాష్‌గా మారుతుంది, బరువు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఆ తగ్గడమే మారిందనడానికి గుర్తు.

మూడో అడుగు: పాళ్ళు

లేత నీలి ముద్దకు, ఒక కిలో పొడి లెక్కన:

పలుగురాయి పొడి, 200 మెష్ (చాలా సన్నటి జల్లెడ దాటిన మెత్తటి పొడి): 780 గ్రాములు
సోడా యాష్: 50 గ్రాములు
వంట సోడా: 50 గ్రాములు
బాల్ క్లే (జిగురున్న మెత్తటి బంకమట్టి): 60 గ్రాములు
సుద్ద పొడి: 30 గ్రాములు
రాగి కార్బొనేట్: 30 గ్రాములు

పలుగురాయి మనకు కొదవ లేని రాయి. గూడూరు చుట్టుపక్కల తెల్లటి పలుగు, సిలికా ఇసుక తవ్వి గాజు ఫ్యాక్టరీలకు పంపుతూనే ఉన్నారు. అయితే రాయి తెచ్చి ఇంట్లో దంచబోకండి. మెత్తటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటకు రాదు. రాళ్ళ క్రషర్లలో పనిచేసేవాళ్ళకు వచ్చే సిలికోసిస్ ఆ దుమ్ము వల్లే. నూరిన పొడే కొనండి. తూచేటప్పుడు, కలిపేటప్పుడు ఎన్95 మాస్కు తీయకండి, ఫ్యాను ఆపండి, తర్వాత నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

బాల్ క్లే పురాతన పద్ధతిలో లేదు. ముద్ద చేతిలో నిలవడానికి నేను కలుపుతాను. అది వద్దనుకుంటే 10 గ్రాముల తుమ్మ బంకను నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళతో కలపండి. ముద్ద చేతికి అంత తేలిగ్గా లొంగదు, మెరుపు మాత్రం ఇంకా బాగుంటుంది.

ముదురు నీలానికి రాగి 10 గ్రాములకు తగ్గించి కోబాల్ట్ కార్బొనేట్ 5 గ్రాములు వేయండి. ఈజిప్టు పశ్చిమ ఎడారిలోని ఖార్గా, దాఖ్లా ఒయాసిస్సుల పటిక రాళ్ళ నుంచి కొత్త రాజ్య కాలంలో వాళ్ళకు కోబాల్ట్ అందేది. తెలుపుకు రంగే అక్కర్లేదు, రాగి వదిలేస్తే చాలు. నలుపుకు రాగి బదులు మాంగనీస్ డయాక్సైడ్ 40, ఐరన్ ఆక్సైడ్ 20 గ్రాములు. కంటిపాపకు కావాల్సింది గోరంత కాబట్టి ఇది 50 గ్రాములకు మించి కలపొద్దు. పసుపు జోలికి వెళ్ళకండి. ఈజిప్టు పసుపు సీసం, అంటిమొనీలతో వచ్చేది, ఇంటి బట్టీలో అది వద్దు.

నాలుగో అడుగు: కలపడం, అచ్చు, అద్దడం

పొడులన్నీ రెండుసార్లు జల్లించి కలిపాక, 180 మి.లీ. నీళ్ళతో మొదలుపెట్టండి. మొదట ఇది తడి ఇసుకలా విడిపోతుంది, భయపడి నీళ్ళు గుమ్మరించకండి. పది నిమిషాలు నానితే ముద్దకు వస్తుంది. చాలకపోతే చెంచాల లెక్కన పోస్తూ వెళ్ళండి, 220 మి.లీ. దాటే అవసరం అరుదు. ఈ ముద్ద గుణం వింతగా ఉంటుంది. పిసుకుతుంటే మెత్తబడి జారుతుంది, వదిలేస్తే బిగుసుకుంటుంది. వంచితే చిట్లుతుంది. రొట్టెపిండిలా సాగుతుందని ఎదురుచూడొద్దు. అందుకే చేత్తో మలచకుండా అచ్చులో అద్దడం. తొడుగులు లేకుండా పట్టుకుంటే సోడా చర్మాన్ని మంట పెడుతుంది.

అచ్చులు ఎర్రమట్టివి. 1891–92లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు పెట్రీ, అఖెనాతెన్ రాజధాని అయిన అమర్నాలో తవ్వినప్పుడు ఇలాంటి చిన్న మట్టి అచ్చులు వేలకొద్దీ దొరికాయి. ఒకవైపే తెరిచి ఉండే, అరచేతిలో పట్టే అచ్చులు. ముందు మైనంతో కిరీటం, ముఖం వగైరా ముక్కలు 8 మి.మీ. మందాన చెక్కండి. నాగు, పెదవి గీత, చెవి, కిరీటం మీది వలయాలు ఇక్కడే స్పష్టంగా పడాలి, తర్వాత దిద్దుకునే వీలు తక్కువ. కన్ను ఉండే చోట గుంట తీయండి. ఆ మైనం మీద కుమ్మరిమట్టి అద్ది, తీసి, ఆరాక కాల్చుకోండి.

కాల్చిన అచ్చు పొడిగా ఉంటే నీటిని పీల్చుకుంటుంది, నీటితోపాటు సోడానూ పీల్చేస్తుంది. అద్దే ముందు అచ్చును తడిగుడ్డతో ఒకసారి తుడవండి. నూనె మాత్రం రాయకండి, నూనె అంటిన చోట ఉప్పు పొంగదు. ముద్దను మధ్యలో పెట్టి అంచులకు నొక్కుకుంటూ వెళ్ళండి, గాలి మధ్యలో చిక్కుకోదు. అయిదు నిమిషాలకు అచ్చును బోర్లించి మెల్లగా తడితే ముక్క ఊడుతుంది.

ఊడిన వెంటనే, ఇంకా తడిగా ఉండగానే, బ్లేడుతో అంచులు చెక్కండి. ముందు వైపు కంటే వెనక వైపు ఒక మి.మీ. సన్నగా ఉండేలా అంచు లోపలికి వాలాలి. అలా ఉంటే పలకలో కూర్చోబెట్టినప్పుడు పైన రెండు ముక్కల అంచులూ ఒకదానికొకటి అంటుకుంటాయి, కింద అతికించే జిప్సం (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) నిలవడానికి చోటు మిగులుతుంది. వెనక భాగాన్ని దువ్వెన పళ్ళతో గీరి గరుకు చేయండి. సక్కారాలో జోసెర్ రాజు మెట్ల పిరమిడ్ కింది గదుల్లో, క్రీ.పూ. 2650 ప్రాంతంలో, 36 వేల దాకా ఫయాన్స్ పలకలు గోడకు పెట్టారు. వాటి వెనక చిన్న బొడిపె చేసి, దానికి అడ్డంగా బెజ్జం పెట్టి, తాడు దూర్చేవారు. ఊడిపోతుందన్న బెంగ వాళ్ళకూ ఉండేది.

కంటి తెలుపును విడిగా చేసి, విడిగానే కాల్చండి.

ఐదో అడుగు: ఆరబెట్టడం

అన్నిటికంటే పెద్ద పని ఇదే, ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ప్లాస్టిక్ కాగితం పరిచిన చెక్క మీద ముక్కలను ముఖం పైకి పెట్టండి. కింద ప్లాస్టిక్ ఉంది కాబట్టి అటు నుంచి తడి ఆవిరి కాలేదు, నీరంతా ముఖం వైపే రావాలి, ఉప్పంతా వెంట తెస్తుంది. తీగ జల్లెడ మీద పెడితే ఉప్పు రెండు వైపులకూ పంచుకుపోయి ముఖం వెలవెలబోతుంది. గాలి నాలుగు వైపుల నుంచీ సమంగా ఆడాలి. నేను ఒకసారి తొందరపడి టేబుల్ ఫ్యాను ఒక పక్క నుంచి పెట్టాను. గాలి తగిలిన వైపు రాజు ముక్కు, పెదవి దట్టంగా మెరిశాయి, తల వెనక భాగం సుద్దముక్కలా మిగిలింది. ఉప్పు గాలి తగిలే వైపే ఎక్కువ చేరుతుందని ఆ రోజు కళ్ళారా చూశాను.

మొదటి రోజు ఏమీ కనిపించదు. రంగు మాత్రం వెలిసిపోతుంది. రెండో రోజు పొద్దున అంచుల మీద, ముక్కు కొన మీద, నాగు పడగ మీద, అంటే ఎత్తుగా ఉన్న చోట్ల, చక్కెర దుమ్ము చల్లినట్టు తెల్లటి నూగు మొలుస్తుంది. సాయంత్రానికి అది చెంపకు, మెడకు పాకుతుంది. భూతద్దం పెట్టి చూస్తే సన్నటి సూదులు నిలబడి ఉంటాయి, చలికాలం గడ్డి మీద మంచులాగా. ఆ సూదులే రేపటి గ్లేజు. వాటిని ముట్టుకోకూడదు. నా మొదటి ముఖాన్ని ఆరిందో లేదో చూద్దామని బొటనవేలితో ఒక్కసారి తాకాను. కాల్చి తీశాక ఆ చెంప మీద నా వేలిముద్ర గీతలతో సహా గరుకుగా, మెరుపు లేకుండా నిలిచిపోయింది. అది ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

జరపాల్సి వస్తే కింది ప్లాస్టిక్ కాగితంతో సహా జరపండి. ఆరిందా అని తెలుసుకోవడానికి, ప్రతి ముక్కనూ దాని కాగితంతో సహా రోజూ ఒకే వేళకు తూచండి. రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టే. హైదరాబాదు మార్చి ఎండల్లో రెండు మూడు రోజులు చాలు. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం అయితే వారం పట్టినా ఆశ్చర్యపోకండి. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. సోడా పొర గాలిలో తేమ లాక్కుని మళ్ళీ కరిగి లోపలికి దిగిపోతుంది. అలాంటి ఊళ్ళలో ముక్క ఆరిన రోజే బట్టీ ఎక్కించాలి.

ఆరో అడుగు: కాల్చడం

ముక్క అంటుకోకుండా బట్టీ పలక మీద అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి పలుచగా చల్లండి. ముక్కను సన్నటి రేకు గరిటెతో వెనక నుంచి ఎత్తి, ముఖం తాకకుండా దింపండి. ఒకదానికొకటి తగలకూడదు, మధ్య వేలెడు సందు ఉండాలి.

గంటకు 100 డిగ్రీల చొప్పున 600 దాకా వెళ్ళండి. 573 దగ్గర పలుగురాయి స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ తొందరపడితే ముక్క చిట్లుతుంది. దిగేటప్పుడూ అదే చోట అదే ప్రమాదం. 600 దాటాక గంటకు 150 చొప్పున 930 దాకా తీసుకెళ్ళి, అక్కడ అరగంట నిలపండి. పురాతన ముక్కలు 800 నుంచి 1000 డిగ్రీల మధ్య కాలాయని అంచనా. 930 నా బట్టీలో కుదిరింది, మీ బట్టీలో ఇరవై డిగ్రీలు అటూ ఇటూ కావచ్చు. అందుకే రాజును కాల్చే ముందు ప్రతి రంగుతోనూ రూపాయి బిళ్ళంత ముక్కలు మూడు చేసి 900, 930, 950 దగ్గర కాల్చి చూసుకోండి.

ఆపాక మూత తీయొద్దు. 100 డిగ్రీల కిందకు వచ్చాకే తెరవండి. కట్టెల బట్టీ వాడేవాళ్ళు ముక్కలను మూత ఉన్న కుండలో పెట్టి కాల్చాలి. పొగ తగిలితే రాగి నీలం కాకుండా ఎర్రగా, నల్లగా మచ్చలు పడుతుంది.

తీసిన ముక్క తేడాగా ఉంటే కారణం సాధారణంగా ఇలా దొరుకుతుంది. ముఖమంతా గరుకుగా ఉంటే వేడి చాలలేదు, లేదా సోడా పైకి రాలేదు. ఒక్క చోటే గరుకుగా ఉంటే అక్కడ ఏదో తాకింది. గ్లేజు కారి అంచుల్లో బుడగలు కట్టితే వేడి ఎక్కువైంది, వచ్చేసారి 20 డిగ్రీలు తగ్గించండి. నీలం రావాల్సింది ఆకుపచ్చగా వస్తే ముడిసరుకులో ఇనుము ఉంది. వెంట్రుక లాంటి పగుళ్ళు కలిపేటప్పుడు పోసిన నీళ్ళు ఎక్కువని చెబుతాయి. గరుకు ముక్కను మళ్ళీ కాల్చి బాగుచేయాలని నేను రెండుసార్లు ప్రయత్నించాను, రాలేదు. పైన సోడా లేకపోతే రెండోసారి కాల్చినా కరగడానికి ఏమీ ఉండదు. కొత్తది చేసుకోవడమే దగ్గరి దారి.

ఏడో అడుగు: పొదగడం

బిద్రీ పనిలో వెండిని గాట్లలోకి సుత్తితో కొట్టి దించుతారు. ఫయాన్స్‌ను కొట్టలేం, పెళుసు. అందుకని గుంటే ముక్కకు సరిపోవాలి.

20 మి.మీ. మందం టేకు పలక తీసుకోండి. కాల్చిన తొమ్మిది ముక్కలనూ పలక మీద సరిగ్గా పేర్చి, వాటి చుట్టూ సన్నటి పెన్సిల్‌తో గీయండి. మొదట గీసిన కాగితపు బొమ్మను కాకుండా కాలిన ముక్కలనే చూసి గీయాలి. బట్టీలో ఒక్కో ముక్క కాస్త కాస్త కుంచించుకుని ఉంటుంది. గీత లోపల ఉలితో 9 మి.మీ. లోతు తవ్వండి, ముక్క మందం, దాని కింద జిప్సం పొర కలిపి. అడుగు నున్నగా ఉండక్కర్లేదు. చెక్కతో సమంగా కూర్చోవాలో, కాస్త పైకి ఉబ్బి నిలవాలో మీ ఇష్టం. నాకైతే ముఖం, చేతులు అర మి.మీ. పైకి లేస్తే బాగుంటుంది, వెలుతురు పక్క నుంచి పడ్డప్పుడు చెంప అంచు మెరుస్తుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడండి. ఈజిప్టు వాళ్ళు కూడా జిప్సంనే విరివిగా వాడారు. అమర్నా రాజమందిరంలో ఆకుపచ్చ ఫయాన్స్ పలకలకు తెల్లటి పూలను విడిగా చేసి గుంటల్లో కూర్చోబెట్టిన పనితనం ఈ ముక్కలకు అన్నదమ్ముల వరస. ముక్క వెనక భాగాన్ని ముందు నీళ్ళతో తడపండి. పొడి ఫయాన్స్ జిప్సంలోని నీటిని ఒక్క గుక్కలో తాగేస్తుంది, పట్టు రాకుండానే జిప్సం పొడిపొడిగా మిగులుతుంది. చెక్క గుంట లోపల ముందే లక్క పూసి ఆరనిస్తే టేకు నీరు తాగి ఉబ్బదు.

ఛాతీ ముక్కతో మొదలుపెట్టి రెండు వైపులకూ వెళ్ళండి, కంఠహారం, ముఖం, కిరీటం ఒక వైపు, వస్త్రం, కాళ్ళు రెండో వైపు. చేతులు చివర. ప్లాస్టర్ పది నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి ఒకసారికి రెండు ముక్కలకు సరిపడా మాత్రమే కలపండి. పైకి పొంగిన ప్లాస్టర్‌ను తడి దూదితో వెంటనే తుడిచేయండి, గరుకు గుడ్డ గ్లేజు మీద గీతలు పెడుతుంది. సందుల్లో మిగిలిన తెల్లటి గీతను కొందరు నీలి రంగుతో కప్పేస్తారు. నేను కప్పను, ఆ సన్నటి తెల్ల గీత రాజు ఆకారాన్ని టేకు మీద విడిగా నిలబెడుతుంది.

కన్ను అన్నిటికంటే చివర పెట్టండి. తెల్ల ముక్కలో నల్ల చుక్కను ముందే కూర్చి, గుంటలో చిటికెడు ప్లాస్టర్ వేసి, పుల్లతో నొక్కండి. నల్ల చుక్క ముక్కు వైపుకు ఒక వెంట్రుకంత జరిగి ఉండాలి. సరిగ్గా మధ్యలో పెడితే రాజు ఎటు చూస్తున్నాడో తెలియదు. ఆ వెంట్రుకంత జరిపితే తన చేతిలోని కుండల వైపు, ఎదుట ఉన్న దేవుడి వైపు చూస్తాడు. ప్లాస్టర్ గట్టిపడే దాకా పుల్లను కదపకుండా పట్టుకోండి.